కొండ పుస్తకంలో నాలుగో పేరు

నారాబ్రై, న్యూ సౌత్ వేల్స్
2000 మే 14, ఆదివారం

ఒరేయ్ వెంకీ,

నీ ఉత్తరం అందింది. పొద్దస్తమానం కంప్యూటర్ల ముందు కూర్చునేవాడు నోటుబుక్కులోంచి కాగితం చింపి చేత్తో ఉత్తరం రాశాడంటే మీ బావ ఓ పట్టాన నమ్మలేదు. "వీడి ఈమెయిల్‌కి ఏం రోగమొచ్చింది?" అన్నారు. ఏ రోగమైనా రానీ, నాకు మాత్రం పండగే. ఈమెయిల్‌లో అయితే రెండు లైన్లు, అవీ ఇంగ్లీషులో గీకి పడేసేవాడివి. ఇప్పుడు రెండు పేజీలు! పైగా మా ఇంట్లో మోడెం పెడితే ఫోను మూగబోతుంది. మా చైత్రకి ఏమో ఫోను లేకపోతే ప్రాణం పోతుంది. పదమూడేళ్ళకే అంత మాట్లాడేది ఏముంటుందో మరి.

అసలు సంగతి విను. మా వంటింటి కిటికీలోంచి కపూటార్ కొండ కనిపిస్తుంది, నువ్వూ చూశావు. ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండట. చల్లారి రెండు కోట్ల ఏళ్ళయిందని చైత్ర పాఠంలో ఉంది. చుట్టూ అడవంతా నేషనల్ పార్కు. దేశదేశాల వాళ్ళు వచ్చి ఎక్కిపోతున్నారు. నేను ఎనిమిదేళ్ళ నుంచి గిన్నెలు తోముకుంటూ దాన్ని చూడటమే. స్కూలు స్టాఫ్‌రూములో చెబితే నవ్వారు. మీ బావ సంగతి తెలిసిందేగా, పత్తి పరిశోధన కేంద్రం, అందులో పురుగులు, తర్వాత ఇల్లు. మధ్యలో కొండొకటి ఉందని ఆయన గమనించారో లేదో కూడా అనుమానమే.

ఈ సెప్టెంబరులో ఒలింపిక్స్ పుణ్యమా అని మాకు సెలవులు. అప్పుడు ఎక్కుదాం. నువ్వు రావాలి. ఈ దేశంలో నాకు పుట్టింటి మనిషివి నువ్వొక్కడివే. ఏడాదిన్నరలో ఒక్కసారి వచ్చావు, అదీ రెండు రోజులు. రాకపోకలు లేకపోతే ఎంత తోబుట్టువులైనా ఎవరికి వారైపోతారురా, నాకు ఆ భయం పట్టుకుంది. 'అలాగే అక్కా' అని మాత్రం రాయకు. నీ 'అలాగే' సంగతి నాకు తెలుసు.

అక్క
జయశ్రీ

~

కోబర్గ్, మెల్‌బోర్న్
2000 జూన్ 9

అక్కకి నమస్కారాలు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. పని బోలెడంత. మొన్న పక్కింటి పెద్దాయన కంచె మీదనుంచి పలకరించి, "వైటూకే, కంప్యూటర్లన్నీ ఆగిపోతాయి అని లోకం మునిగిపోతున్నట్టు హడావుడి చేశారు, జనవరి ఒకటిన నా టోస్టర్ కూడా ఆగలేదే!" అన్నాడు. ఏం చెప్పను? ఆగకుండా చూడటమే కదా మేం చేసింది. ఏడాదిపాటు పగలూ రాత్రీ కూర్చుని పాత ప్రోగ్రాముల్లో తేదీలన్నీ దిద్దాం. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి మేం ఏమీ చెయ్యలేదని జనం లెక్క.

ఒక వింత చెప్పనా, నేను తెల్లవారుజామునే లేస్తున్నాను. నిజం. ఐదింటికల్లా బస్టాపులో ఉంటాను. నాన్న వింటే నాకు దిష్టి తీయిస్తారు. నాతో ఉండే జైద్ గుర్తున్నాడు కదా, హైదరాబాదు అబ్బాయి, యూనిలో చదువుతున్నాడు. వాడు వంట మొదలుపెట్టాడు. మా ఇంట్లో బ్రెడ్డుకి కొదవ లేదు కాబట్టి బ్రెడ్డు ఉప్మా, బ్రెడ్డు పకోడీ, ఆదివారం డబల్ కా మీఠా. ఇంకో నెల పోతే బ్రెడ్డు పులుసు పెడతాడేమో.

కొండ సంగతి చూస్తాను. ఆ మాట రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. నాన్నకి ఫోన్ చేసినప్పుడు నేను బాగున్నానని చెప్పు. నాకు లైను దొరకడం లేదు.

వెంకీ

~

నారాబ్రై
2000 ఆగస్టు 6, ఆదివారం

ఒరేయ్ బ్రెడ్డు మహారాజా,

మా తయారీ చూస్తే నువ్వు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతావు. రోజూ సాయంత్రం ఏటి ఒడ్డున నడుస్తున్నాం. మీ బావ నడకకి కూడా ఆఫీసు బ్యాగు తెస్తారు. దారిలో ఏ ఆకు మీద ఏ పురుగు కనిపించినా ఆగిపోతారు. కిలోమీటరుకి గంట. చైత్ర మాకు అరఫర్లాంగు ముందు, మేం ఎవరో తెలియనట్టు నడుస్తుంది. "యూ గైజ్ ఆర్ సో ఎంబరాసింగ్" అంటుంది. నేను తెలుగులో తిడతాను, తను ఇంగ్లీషులో జవాబిస్తుంది, పోట్లాట సజావుగానే సాగుతుంది.

నువ్వు రాకపోతే ముగ్గురమవుతాం, అది తెలుసుకో. ముగ్గురు కలిసి బయల్దేరితే వెళ్ళిన పని చెడుతుందని అమ్మ గడప దాటనిచ్చేది కాదు. నాకు అవన్నీ పట్టింపు లేదని స్టాఫ్‌రూములో చెబుతుంటాను గానీ, ఇన్నేళ్ళకి కొండెక్కుతూ ఎందుకొచ్చిన గొడవ చెప్పు.

నాన్నతో మాట్లాడాను. "వాడెలా ఉన్నాడు, గొంతు వినిపించి మూడు నెలలైంది" అన్నారు. నువ్వు పని ఎక్కువని రాశావుగా, "త్వరలో మేనేజర్ని చేస్తారట నాన్నా" అని ఓ ముక్క కలిపాను. సంతోషించారు. ఎలాగూ అయ్యేదేగా, తప్పేముంది?

అక్క

~

కోబర్గ్
2000 సెప్టెంబరు 10

అక్కా,

నేను రాలేను. కొత్త ప్రాజెక్టు మొదలైంది, సెలవివ్వరు. కోప్పడకు. చైత్రకి మంచి బూట్లు కొను. బావగారి బ్యాగు ఇంట్లోనే దాచిపెట్టు.

నాన్నకి మేనేజరని ఎందుకు చెప్పావు? నేను రాయని మాట కదా. ఇకమీదట నా గురించి ఏమీ కలపకు, ప్లీజ్.

వెంకీ

~

నారాబ్రై
2000 సెప్టెంబరు 23, శనివారం

వెంకీ,

నిన్న సాయంత్రం నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ జైదే తీశాడు. ఆరుసార్లూ "స్నానం చేస్తున్నాడక్కా" అన్నాడు. పాపం, ఆ పిల్లాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. ఒక్క పూటలో ఆరు స్నానాలు చేసినవాడికి ఉత్తరమైతే తడవకుండా అందుతుందని రాస్తున్నాను.

నిన్న శుక్రవారం కొండెక్కాం. కారులో పైదాకా వెళ్ళొచ్చు. చివర మట్టిరోడ్డు, మలుపుకో ప్రాణగండం. పైన చెట్ల మధ్య బల్లలు వేసిన చోటు ఉంది, కంగారూలు మన పక్కనే మేస్తుంటాయి. నడక మొదలుపెట్టే ముందు అక్కడ చెక్కపెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. ఎవరెవరు వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ రాయాలి. తిరిగొచ్చాక వచ్చామని మళ్ళీ రాయాలి.

నేను రాయడానికి కూర్చున్నాను. అచ్యుత్, జయశ్రీ, చైత్ర. చూస్తే ముగ్గురం. కలం ఆగిపోయింది. అమ్మ అయితే ఒక రాయి తీసి కొంగున కట్టుకుని, నాలుగోది ఇదే పదండి అనేది. ఇక్కడేమో పార్కులో రాయి కదిలిస్తే జరిమానా అని పెద్ద బోర్డు. సరే, ఎవరు చూస్తారులే అనుకుని నాలుగో వరసలో నీ పేరు రాసేశాను. ఫోన్ నంబరు చోట నాకు నోటికొచ్చిన నీ ఆఫీసు నంబరే వేశాను.

చైత్ర చూసి, "అమ్మా, యూ కాన్ట్ జస్ట్ మేక్ అప్ ఎ పర్సన్!" అంది.

"నేనెక్కడ మేకప్ చేశానే, మా అమ్మ కన్నది" అన్నాను.

నడక అద్భుతంరా. అంతకుముందు రోజు వాన పడింది, రాళ్ళ మీద గులాబీ రంగు జలగల్లాంటివి, జానెడు పొడుగు, నింపాదిగా పాకుతున్నాయి. అవి గుల్ల లేని నత్తలట, ఈ కొండ మీద తప్ప ఎక్కడా ఉండవట. మీ బావ బోర్లా పడుకుని వాటిని చూస్తుంటే దారినపోయే ముసలి దంపతులు ఆయన పడిపోయారని కంగారుపడ్డారు. నాకు ఆయాసం వచ్చింది, ఆగాను, మళ్ళీ నడిచాను. పక్కకొండ చుట్టి మూడు గంటల్లో వచ్చేశాం. మీ బావ పుస్తకంలో 'ముగ్గురం, వచ్చేశాం' అని సంతకం గిలికారు. పైన ఏం రాసి ఉందో చూడలేదు. ఫ్లాస్కులో టీ తాగి, కారు అక్కడే వదిలి అసలు శిఖరానికి వెళ్ళాం. అది దగ్గరే. పైనుంచి చూస్తే పచ్చటి పొలాలు, పసుపు పొలాలు, చివర ఆకాశం. నాకెంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

దిగి వస్తుంటే కింద అరుపులు. "వెం...కీ! వెం...కీ!"

మొదట నవ్వొచ్చింది. ఇక్కడ కూడా ఇంకో వెంకీనా అనుకున్నాను. చెట్లు దాటి వచ్చేసరికి పార్కు రేంజరు, ఇద్దరు ఊరివాళ్ళు, ఇందాకటి ముసలి దంపతులు నాలుగు వైపులా నిలబడి అడవిలోకి నీ పేరు పెట్టి పిలుస్తున్నారు. నలుగురు వెళ్ళారు, ముగ్గురు వచ్చారు, ఆ ముగ్గురూ కనిపించడం లేదు. వాళ్ళు ఇంకేమనుకుంటారు?

నేను పరుగెత్తి చెప్పాలి కదా. చెప్పలేదురా. అర నిమిషం అలాగే నిలబడిపోయాను. ముక్కూ మొహం తెలియని మనుషులు గొంతు చించుకుని నిన్ను పిలుస్తుంటే, ఎక్కడినుంచీ జవాబు లేదు. నాకు ఏడుపొచ్చేసింది. నువ్వక్కడ లేవని నాకు కాక ఎవరికి తెలుసు!

మీ బావ క్షమాపణలు చెప్పి సంగతంతా వివరించారు. రేంజరు గ్రెగ్ మంచివాడే. ఓపిగ్గా విని, "అంటే, రాని మనిషి పేరు మీరు అదృష్టం కోసం రాశారు?" అన్నాడు. ఔనన్నాను. "సారీ, ఇప్పుడు ఆ మనిషి క్షేమమని నేను తేల్చుకోవాలి. రూలు" అని రేడియోలో పోలీసులకి చెప్పాడు. వాళ్ళు నీ ఆఫీసుకి ఫోన్ చేశారు.

రేడియోలోంచి జవాబు అందరికీ వినిపించేలా వచ్చింది. ఆ పేరుగల మనిషి ఏప్రిల్ నుంచి ఇక్కడ పని చెయ్యడం లేదు.

గ్రెగ్ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. అక్కనంటుంది, తమ్ముడు ఎక్కడున్నాడో తెలియదు. మీ ఇంటి నంబరిచ్చాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశారు, ఎత్తలేదు. గంటన్నర. ఆ ముసలావిడ తన శాలువా తీసి నాకు కప్పింది. చైత్ర నా చెయ్యి పట్టుకుని, ఎన్నడూ లేనిది తెలుగులో, "మామయ్య బాగానే ఉంటాడమ్మా" అంది. నాకు రాకూడని ఆలోచనలన్నీ వచ్చాయి, అవి ఇక్కడ రాయను.

చివరికి జైద్ కాలేజీ నుంచి వచ్చి ఫోనెత్తాడు. గ్రెగ్ నవ్వుతూ వచ్చి, "హీ ఈజ్ ఫైన్. పనిలో ఉన్నాడు. బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటికొచ్చాక కోపమొచ్చింది. ఐదు నెలలు! కొత్త ప్రాజెక్టట! ఉద్యోగం పోయినందుకు కాదురా నా బాధ. నువ్వు కొండ మీద తప్పిపోలేదు, నా దగ్గరే తప్పిపోయావు. పోలీసులు చెబితే తప్ప నాకు తెలియలేదు.

జవాబు రాయి. నిజం రాయి.

అక్క

~

కోబర్గ్
2000 సెప్టెంబరు 30

అక్కా,

స్నానం అయింది.

ఏప్రిల్ పద్నాలుగున మమ్మల్ని పదకొండు మందిని ఒక గదిలోకి పిలిచారు. బల్ల మీద కేకుంది. ఎవరిదో పుట్టినరోజనుకుని నేను చప్పట్లు కూడా కొట్టాను. థాంక్యూ అన్నారు, ప్రాజెక్టు అయిపోయిందన్నారు, కేకు ముక్క చేతిలో పెట్టారు. బాగానే ఉంది, చాక్లెట్టు.

తర్వాత ఎక్కడికెళ్ళినా ఒకటే ప్రశ్న, జావా వచ్చా, వెబ్‌సైట్లు చేశావా? నాకు వచ్చింది ఆ పాత ప్రోగ్రాముల భాష, కోబాల్. జనవరి ఒకటి దాకా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, రెండో తారీకుకల్లా ముసలిదైపోయింది. ఆఫీసు పోయింది, ఈమెయిల్ పోయింది. అందుకే నోటుబుక్కు కాగితాలు. ఫ్యాక్టరీ పని కష్టమేమీ కాదు. విరిగిన రొట్టెలు ఇంటికి తెచ్చుకోనిస్తారు, ఆ సంగతి నీకు తెలుసు.

ఎందుకు చెప్పలేదంటావు. నేను బ్యాంకు ఉద్యోగం వదిలేసి అమీర్‌పేటలో కోర్సులో చేరతానంటే నాన్న నాలుగు రోజులు అన్నం మానేశారు. అప్పుడు నువ్వు ఇక్కడినుంచి ఫోన్ చేసి ఏమన్నావు? "వాడికి నా పూచీ నాన్నా" అన్నావు. నాకు అన్నిటికన్నా ఆ మాటే బరువు. నేను ఓడిపోతే ఆయన నిన్ను అంటారు. ఇంకో ఉద్యోగం దొరికాక నవ్వుతూ చెబుదామనుకున్నాను. అది దొరకలేదు. నువ్వేమో మేనేజర్ని చేశావు.

మొత్తం నిజం రాయమన్నావు కదా, ఇదీ రాస్తున్నా. నవంబరులో ఇండియా వెళ్ళిపోదామని టికెట్టు చూస్తున్నాను. ఎయిర్‌పోర్టు నుంచి నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. నీ ఎదుటికి వచ్చి మొహం చూపించే ధైర్యం లేకపోయింది.

కొండ మీద నా పేరు అంతమంది పిలిచారని రాశావు. ఆ మధ్యాహ్నం నేను ముక్కలు చేసిన రొట్టెకి ప్లాస్టిక్ సంచులు తొడుగుతున్నాను. ఇన్ని నెలలుగా నన్ను అక్కడ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. నంబరుంటుంది.

వెంకీ

~

నారాబ్రై
2000 అక్టోబరు 5

వెంకీ,

టికెట్టు కొన్నావో, కాళ్ళు విరగ్గొడతాను.

నిన్ను తిడుతూ మూడు పేజీలు రాసి చింపేశాను. ఎందుకంటే తిట్టే అర్హత నాకు లేదు. ఈ మాట ఇంతవరకు మీ బావకి తప్ప ఎవరికీ తెలియదు. చైత్రకి కూడా చెప్పలేదు.

మేం వచ్చిన కొత్తలో, తొంభై రెండులో, నేను రాసిన ఉత్తరాలు గుర్తున్నాయా? హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను, పిల్లలు బంగారం, హెడ్మిస్ట్రెస్‌కి నేనంటే ప్రాణం అని రాసేదాన్ని. అప్పటికి నేను ఆ స్కూలు గేటు కూడా దాటలేదు. నా ఎం.ఎస్సీ., బి.ఎడ్. ఇక్కడ చెల్లవన్నారు. మళ్ళీ చదవమన్నారు. చదవాలంటే ఫీజు. ఆ ఫీజు కట్టి నిజం టీచర్ని అయ్యేలోపు రెండు వేసవులు నేను పత్తి చేలల్లో కలుపు తీశానురా. తెల్లారకముందే మినీబస్సు వచ్చేది. చేతిలో పార, నెత్తిన టోపీ, మొహమంతా ఈగలు, ఒక్కో సాలు కిలోమీటరు. మీ బావ తెల్లకోటు వేసుకుని పక్కచేలో పురుగులు చూసేవారు. మధ్యాహ్నం నీళ్ళ సీసా తెచ్చి, నా పక్కన గట్టు మీద కూర్చునేవారు. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఎత్తరు.

నన్ను నాన్న ఎందుకు చదివించారు? మన ఇంటి ఆడపిల్ల పత్తి చేలో అడుగు పెట్టకూడదనేగా. చిలకలూరిపేట చుట్టూ ఉన్న పత్తి చాలనట్టు, సముద్రాలు దాటొచ్చి ఇక్కడి పత్తిలో దిగానని ఏ మొహం పెట్టుకుని రాయను? అందుకే స్కూలు కట్టాను, పిల్లలకి పేర్లు పెట్టాను, హెడ్మిస్ట్రెస్‌కి పిల్లిని కూడా ఇచ్చాను. ఆ ఉత్తరాలన్నీ అమ్మకీ నాన్నకీ పైకి చదివి వినిపించింది నువ్వే. అక్కని చూసి నేర్చుకోరా అని నాన్న అంటుండేవారు కదా, బాగానే నేర్చుకున్నావు.

ఆ రెండేళ్ళూ ఎవరైనా ఒక్కరు నిజం తెలిసి నన్ను పలకరిస్తే బాగుండేదని ఎంత అనిపించేదో. నీకు ఆ బాధ తెలియకుండా పెంచాననుకున్నాను, చూడు.

నా పూచీ అన్నాను, నిజమే. ఉద్యోగానికి కాదు, నీకు. అది తీరిపోయేది కాదు. వచ్చెయ్. నీ గది దులిపి పెట్టాను. జావా అయినా నేర్చుకో, గులాబీ నత్తలనైనా లెక్కపెట్టుకో, నా కళ్ళెదుట ఉండి చెయ్యి.

అక్క

~

కోబర్గ్
2000 అక్టోబరు 11

అక్కా,

హెడ్మిస్ట్రెస్ పిల్లికి జబ్బు చేసిందని నువ్వు రాస్తే అమ్మ రెండు రోజులు దాని గురించే అడిగింది. ఆ పాపం ఎవరిది?

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. చదివి నవ్వాను, తర్వాత జైద్ ముందు కూర్చుని ఏడ్చాను. వాడు ఏం చెయ్యాలో తెలియక బ్రెడ్డు కాల్చి తెచ్చాడు. ఫ్యాక్టరీలో రెండు వారాలు సెలవడిగాను, ఇచ్చారు. ఇరవయ్యో తారీకు శుక్రవారం సాయంత్రం రైలుకి నారాబ్రైలో దిగుతాను. ఇండియా టికెట్టు సంగతి మర్చిపో, నేను మర్చిపోయాను.

నిన్న నాన్నకి ఫోన్ చేశాను. లైను మొదటిసారికే దొరికింది, ఎప్పుడూ దొరికేదే. నా సంగతంతా చెప్పాను, కేకుతో సహా. నీది ఒక్క అక్షరం చెప్పలేదు, ఒట్టు. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని నేను "నాన్నా, నాన్నా" అంటున్నాను. అప్పుడు అన్నారు:

"మీ అక్కా ఇంతేరా. పత్తి చేలో కలుపు తీస్తా బడిలో పాఠాలు చెబుతున్నానని రాసేది. అల్లుడు అప్పుడే నాకు విడిగా ఉత్తరం రాశాడు. నువ్వు చదువుతుంటే అన్నీ తెలిసి వింటా కూర్చున్నా. పిల్ల సిగ్గుపడుద్దని ఊరుకున్నా. రెండేళ్ళు ఒక్కతే మోసింది. నేను నోరిప్పి ఒక్క ముక్క రాసుంటే దానికి ఆ బాధ ఉండేది కాదు. ఎనిమిదేళ్ళుగా నన్ను తింటా ఉంది ఆ మాట. నీ దగ్గర ఆ తప్పు చెయ్యను. లే, అక్క దగ్గరికి పో."

ఇంకొక మాట కూడా చెప్పారు. అది ఉత్తరంలో రాయొద్దు, ఎదురుగా నిలబడి చెప్పమన్నారు. కానీ ఇరవయ్యో తారీకు దాకా నేను ఆగలేను, నిన్నూ ఆపలేను.

"దాని వల్ల నేను ఒక్క రోజు కూడా తల దించుకోలేదు. ఆ రెండేళ్ళూ మరీనూ."

వెంకీ